మొదటి గడిలో ఏం రాయాలి

ఏప్రిల్ 9, బుధవారం

భానుప్రియ ఇవాళ పట్టాల మధ్య పడిపోయింది. పదకొండున్నరకి, చకర్‌భాటా స్టేషన్ దాటాక రెండో కిలోమీటరు దగ్గర. చేతిలో గునపం రాళ్ళ మీద పడిన చప్పుడుకి అందరం తిరిగి చూశాం. జీపులో వేసుకుని హాస్పిటల్‌కి తెచ్చాను. ఒళ్ళు కాలిపోతోంది. దారి పొడుగునా తనతో పనిచేసే అప్పయమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతూనే ఉంది.

నీళ్ళు తాగక కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ వచ్చిందన్నారు డాక్టర్. ఈ ఏడాదిలో ఇది రెండోసారట. మొదటిసారి సంగతి నాకు తెలియదు. జ్వరమని లీవు పెడితే సంతకం చేసి ఊరుకున్నాను. మూడోసారి వస్తే లైన్ డ్యూటీకి అన్‌ఫిట్ అని రాయక తప్పదని ఆయన మెల్లగానే చెప్పారు. అలా రాస్తే ఏదో ఆఫీసులో ఫైళ్ళు మోసే పని ఇస్తారు. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పోవాలి. బిలాస్‌పూర్‌లో ఖాళీ లేదు. ఆరేళ్ళ కూతురు మైత్రిని తీసుకుని, ఈ తెలుగు రైల్వే కాలనీ తప్ప ఇంకో ఊరు ఎరగని మనిషి ఎక్కడికి పోతుంది?

అది దిలీప్ ఉద్యోగం. అతను పోయాక భార్యకి ఇచ్చారు. అతను పోయింది నేను ఇంజినీరుగా చూసే ఈ ట్రాక్ గ్యాంగులోనే. దాని గురించి ఇవాళ రాయను.

ఏప్రిల్ 12, శనివారం

మా పై ఆఫీసరు జయప్రకాష్ సార్ మీటింగ్ పెట్టారు. ఎండాకాలంలో స్టాఫ్ కష్టం తగ్గేలా ఒక్కో సెక్షన్ ఒక ప్రాజెక్ట్ చేయాలట. ఫారం ఒక్క పేజీ. మొదటి గడి ‘సమస్య’, ఒక్క వాక్యం. రెండో గడి ‘పరిష్కారం’. మొదటి గడి ఆయన ఓకే చేసేదాకా రెండో గడి ముట్టుకోకూడదు.

నేను రెండో గడి అక్కడే కూర్చుని నింపేశాను. చల్లగా ఉంచే ఇరవై లీటర్ల జగ్గులు రెండు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. మొదటి గడిలో ‘నీళ్ళు చాలడం లేదు’ అని తర్వాత రాశాను. పరిష్కారం చేతిలో ఉన్నవాడికి సమస్య వెతుక్కోవడం ఎంతసేపు?

సార్ చదివి, నీళ్ళు చాలడం లేదని ఎవరన్నారు అని అడిగారు. ఎవరూ అనలేదు సార్, నాకే అనిపించింది అన్నాను. ఫారం వెనక్కి ఇచ్చేశారు. జగ్గులు మాత్రం తీసుకోమన్నారు.

ఏప్రిల్ 22, మంగళవారం

పది రోజులుగా లెక్క రాస్తున్నాను. ఉదయం నింపిన నీళ్ళు, సాయంత్రం మిగిలిన నీళ్ళు. గ్యాంగులో పద్నాలుగు మంది, తొమ్మిది మంది మగవాళ్ళు, ఐదుగురు ఆడవాళ్ళు. ఇంత ఎండలో నలభై లీటర్లూ మధ్యాహ్నానికే అయిపోవాలి. రోజూ సగం మిగులుతున్నాయి. పని లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర పడిన రెండు రోజులు మాత్రం చుక్క లేదు.

ఇందులో ఏదో ఉంది. రేపు రైల్ థర్మామీటర్ తీసుకెళ్తాను.

ఏప్రిల్ 26, శనివారం

దొరికింది! గేటు దగ్గర పట్టా వేడి అరవై ఒకటి. మిగతా చోట్ల యాభై ఆరు, యాభై ఏడు. అక్కడ చెట్టు లేదు, రెండు పక్కలా తారురోడ్డు. పట్టా అంత వేడెక్కితే పనిచేసే మనిషికి దాహం వేయదా? గ్రాఫ్ కూడా గీశాను, రంగు పెన్సిళ్ళతో. సమస్య: గేటు వద్ద వేడి అధికం. పరిష్కారం: అక్కడొక షెడ్డు, నాలుగు వేపచెట్లు.

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇంత చక్కని గ్రాఫ్ గీయలేదు. ఇంటికొచ్చి నా భార్య శ్వేతకి చూపించాను. చపాతీ తిప్పుతూ అచ్ఛా అంది.

ఏప్రిల్ 28, సోమవారం

సార్ గ్రాఫ్‌ని చాలాసేపు చూశారు. మెచ్చుకుంటారనుకున్నాను. నీళ్ళు తాగింది పట్టానా మనుషులా అని అడిగారు. భానుప్రియ పడిపోయిన చోట పట్టా వేడి ఎంత అని కూడా అడిగారు. ఆ రోజు రిజిస్టర్‌లో ఉన్నది యాభై ఎనిమిది. నా గ్రాఫ్ ప్రకారం ఆమె పడిపోకూడదు.

ఇరవై మంది ముందు అడిగారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బైకు తీసుకుని ఊరికే అర్పా నది వంతెన దాకా వెళ్ళి వచ్చాను. వేపచెట్లు పెడితే తప్పేమిటట?

మే 1, గురువారం

ఇవాళ సెలవు. శ్వేతకి రాసి పెట్టుకోవాల్సినంత ఋణపడ్డాను, అందుకే రాస్తున్నాను.

కాఫీ తాగుతూ మళ్ళీ ఆ గ్రాఫ్ తీసింది. సైన్సు టీచరు, పిల్లల రికార్డులు దిద్దినట్టే దిద్దింది. ఏ జగ్గులో ఎన్ని మిగిలాయి అని అడిగింది. మొత్తం కలిపి రాశానన్నాను. రెండు రంగుల జగ్గులు కొని ఒకటే అంకె రాసే మనిషిని నిన్నే చూశాను శివాజీ అంది. నీలం జగ్గు మగవాళ్ళ వైపు ఉంటుంది, ఎరుపుది ఆడవాళ్ళ వైపు. కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాను. నీలంది రోజూ ఖాళీ అవుతుంది, ఎక్కడైనా సరే. మూత కూడా తీయకుండా తిరిగొచ్చేది ఎరుపుది. గేటు దగ్గర తప్ప.

వాళ్ళు మధ్యాహ్నం ఏం తింటారని అడిగింది తర్వాత. అటుకులు, పొడి అన్నం, వేపుడు. చారు, మజ్జిగ ఎవరి డబ్బాలోనూ చూడలేదు. అప్పయమ్మ ఇంట్లో తరవాణి గంజి కుండ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, అది లైను మీదికి ఎప్పుడూ రాలేదు.

గేటు దగ్గర ఏముంది అని అడిగింది శ్వేత. గేటు, గేటు గది, గది వెనక... అక్కడ ఆగిపోయాను. గది వెనక బాత్రూం ఉంది.

శ్వేత నవ్వలేదు. పరీక్షల డ్యూటీకి వేరే స్కూలుకి వెళ్ళే రోజుల్లో తనూ పొద్దున్న కాఫీ కూడా తాగదట. అక్కడి బాత్రూంకి గడియ ఉండదట. పన్నెండేళ్ళ కాపురం. మార్చి నెలలో ఈవిడ కాఫీ ఎందుకు మానేస్తుందో నేనెప్పుడూ అడగలేదు. పరీక్షల టెన్షన్ అనుకున్నాను.

ఎంత సిగ్గుగా ఉందో అంత హాయిగా కూడా ఉంది. థాంక్స్ అని చెప్పాను. పెళ్ళానికి థాంక్స్ ఏటి, కప్పు కడుగు అంది.

మే 2, శుక్రవారం

సమస్య: లైను మీద ఆడవాళ్ళకి మరుగు లేదు.

సార్ ఒకసారి చదివి టిక్ పెట్టారు. రెండో గడి నింపమన్నారు.

మే 5, సోమవారం

తెలిపారా బజారులో టార్పాలిన్లు కుట్టే షాపులో డేరా కుట్టించాను. ఆకుపచ్చ రంగు, మడిచి భుజాన వేసుకుని పోవచ్చు. లోపల మడత కమోడ్, సున్నం సంచి, కొక్కెం. గడియ బదులు లోపలి నుంచి కట్టుకునే తాడు. తాడు శ్వేత సలహా. మేం పని చేసే వైపే, రైలు కట్ట కింద, యాభై అడుగుల దూరంలో వేయించాను. పట్టాలు దాటి పోవాల్సిన అవసరం లేదు.

భానుప్రియ ఇవాళే డ్యూటీలో చేరింది. చిక్కిపోయింది. జూన్ 4న మళ్ళీ డాక్టర్ చూస్తారు. ఆ రోజు రిపోర్టు బాగుండాలి. నా ప్రాజెక్ట్‌కి నేను పెట్టుకున్న గడువు ఇదొక్కటే.

మే 8, గురువారం

నాలుగు రోజులు. డేరాలోకి ఒక్కరూ వెళ్ళలేదు. ఎర్ర జగ్గు మూత తీయలేదు. ఇవాళ మధ్యాహ్నం డేరాలో ఒక మేక పడుకుని ఉంది.

మే 9, శుక్రవారం, సాయంత్రం 6

కోపంగా ఉంది. నలభై నాలుగు డిగ్రీల్లో షాపు చుట్టూ తిరిగి కుట్టించాను. వెళ్ళరేం? చదువు లేదు, భయం, అలవాటు లేదు అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. మొదటి గడిలో ‘అవగాహన లేదు’ అని రాసి పారేద్దామనిపించింది.

మేట్‌ని అడిగాను. అప్పలకొండ, గ్యాంగు పెద్ద, మా నాన్న కాలం నుంచి ఉన్న మనిషి. నానెవర్నీ ఆపలేదు బాబూ అన్నాడు. ఎల్తానని అడిగితే ఎల్లమంటాను, ఎవురూ అడగలేదు మరి, నానేటి సేసేది అన్నాడు. నిజమే. అతను ఎవర్నీ ఆపే మనిషి కాదు.

భానుప్రియ పెదాలు ఎండి ఉన్నాయి. తాగమని జగ్గు దగ్గర నిలబడి చెప్పాను. రెండు గుక్కలు తాగింది, నేను చూస్తున్నానని.

మే 11, ఆదివారం

పొద్దున్న అప్పయమ్మ మా క్వార్టర్‌కి వచ్చింది. మునగాకు కట్ట తెచ్చింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. నన్ను పలకరించి, గడప దాటి వంటింట్లో శ్వేత ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గొంతు మాత్రం వరండాకి వినపడేలా పెట్టింది. మగవాడికి చెప్పాల్సిన ఇలాంటి మాట మా పెద్దవాళ్ళు అతని భార్యకి చెబుతారు, అతను వినేలా. మా అమ్మ దగ్గరికి కూడా ఇలాగే వచ్చేవారు, నాన్న షేవింగ్ చేసుకుంటుంటే. పేపరు తిప్పడం ఆపేశాను.

బాబు ఏటీ అనుకోకూడదు గానమ్మా, డేరా బాగుంది, మా ఇంట్లో దొడ్డికన్నా బాగుంది అంది. గానీ ఎల్లాలంటే అడగాలి కదేటి. పని మద్దెన గునపం కింద ఎట్టి, అంత దూరం నడిసి మేట్ కాడికెల్లి, ఎల్తాను అనాలి. ఆయన సరే అంటాడు. ఆ సరే తొమ్మండుగురు మగోళ్ళకీ ఇనబడతాది. తిరిగొచ్చినాక వచ్చీసినాను అని మల్లీ సెప్పాలి. ఆయన మల్లీ సరే అంటాడు. రోజుకి రెండుసార్లయితే నాలుగు సరేలు. మా కన్నా సిన్నోళ్ళు, మా బావల వరసోళ్ళు, అందరూ ఉంటారు. అదే గేటు కాడయితే గేటమ్మతో మాటాడ్డానికి ఎల్లినట్టు ఎల్లొచ్చీవచ్చు, ఎవుర్నీ అడగక్కర్లేదు. అందుకే ఇరవయ్యేళ్ళుగా పొద్దున్న గొంతు తడుపుకోడం మానీసినాం తల్లీ అంది. ఆ భానుకి నానే నేర్పినాను తాగొద్దని. నా సేతులారా సేసినాను.

అక్కడ ఏడ్చింది. శ్వేత ఏమందో వినపడలేదు.

నేను పేపరు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆవిడ వెళ్ళేటప్పుడు లేచి నిలబడ్డాను. ఎప్పుడూ చేయని పని, వంగి కాళ్ళకి దండం పెట్టాను. ఛీ ఛీ ఏటి బాబూ ఇది అని వెనక్కి జరిగింది. ఇరవయ్యేళ్ళు దాచుకున్న మాట నా గడపలోకి తెచ్చి ఇచ్చింది. ఇంకేం చేయను?

మే 12, సోమవారం

అడగడం తీసేయలేను. ఎందుకో ఇవాళ రాయాలి.

నాలుగేళ్ళ కిందట దిలీప్ ఒక స్పానర్ మర్చిపోయాడు. రెండో లైను అవతల. ఎవరికీ చెప్పకుండా తీసుకురావడానికి వెళ్ళాడు. ఈ లైను మీద బొగ్గు గూడ్సు పోతోంది, ఆ చప్పుడులో ఆ లైను మీద వచ్చే బండి వినపడలేదు. అప్పలకొండకి అతను లేడన్న సంగతి పది నిమిషాల తర్వాత తెలిసింది. నేను ఆ రోజు అక్కడే, కట్ట మీద, ఫోన్‌లో ఉన్నాను.

అప్పటి నుంచి ప్రతి బండి పోయాక అప్పలకొండ పద్నాలుగు మందిని వేలు చూపి లెక్కపెడతాడు. పైకి, గట్టిగా. చెప్పకుండా ఎవరూ అడుగు కదలకూడదన్న రూల్ నేనూ అతనూ కలిసి పెట్టాం. అది మంచి రూలు. ఆ రూలే భానుప్రియ గొంతు ఎండబెడుతోంది.

మే 13, మంగళవారం

భోజనాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టాను. ఫారం తీసి, ఈ మొదటి గడి నాకు రావడం లేదు, మీరే చెప్పండి అన్నాను. గొప్ప మాట అనుకున్నాను. మగవాళ్ళు చెప్పులు చూసుకున్నారు. ఆడవాళ్ళు డబ్బాలు సర్దుకున్నారు.

అప్పలకొండకి అర్థమైపోయింది, తన గురించేనని. ముఖం నల్లబడింది. లెక్కెట్టడం మానీమంటే మానెస్తాను బాబూ, మల్లీ ఎవుడైనా పోతే మాత్రం నన్నడగొద్దు అన్నాడు.

అప్పుడు భానుప్రియ మాట్లాడింది. రెండేళ్ళలో నా ముందు నాలుగు మాటలు వరసగా మాట్లాడటం ఇదే. మేట్ బాబాయ్ లెక్క మానొద్దు అంది. ఆ లెక్క ముందే ఉండుంటే మైత్రికి నాన్న ఉండేవోడు. మీరు మనుషుల్ని లెక్కెట్టండి, మాచేత అడిగించకండి, అంతే అంది.

అదెలా అని అప్పలకొండ. భానుప్రియ తన పక్కనున్న అప్పయమ్మ చేతిలో గునపం పెట్టి చూపించింది. ఎవురికి ఎల్లాలో ఆళ్ళ సామాను పక్కోళ్ళ సేతికి ఇచ్చీసి ఎల్తారు. బండి పోయినాక మీరు సామాన్లు లెక్కెట్టండి. ఒకరి సేతిలో రెండుంటే ఇంకొకరు డేరా కాడ ఉన్నట్టు. వచ్చి తీసుకునీదాకా ఆ మనిషి బాద్యత ఆ సేతిదే.

అప్పలకొండ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటున్నాడు. పద్నాలుగు సామాన్లు, పద్నాలుగు మంది. తేడా రాదు. రాదని మూడుసార్లు చూసుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, దీని మొగుడు కూడా ఇలాగే తెలివైనోడు అన్నాడు.

నేను ఇంజినీరింగ్ చదివాను. సార్ పెద్ద పెద్ద ట్రైనింగులు చేసి వచ్చారు. మా ఇద్దరికీ రానిది పదో క్లాసు దాకా చదివిన పిల్ల ఒక్క మాటలో చెప్పింది. నాకు అసూయ కలగలేదు. గుండె నిండిపోయింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక కట్ట దిగి కాసేపు డేరా తాళ్ళు బిగించాను.

మే 15, గురువారం

రూల్ పెట్టాం గానీ నిన్నా ఇవాళా ఎవరూ కదల్లేదు. మొదటివాళ్ళు ఎవరన్నదే మిగిలింది.

మే 16, శుక్రవారం

నవ్వాపుకోలేక రాస్తున్నాను. పది గంటలకి అప్పలకొండ తన సుత్తి తీసుకెళ్ళి అప్పయమ్మ చేతిలో పెట్టాడు. ఒక్క మాట లేదు. మగవాళ్ళ తుప్పల వైపు పోయాడు. గంటకి మళ్ళీ పెట్టాడు. పన్నెండుకి మళ్ళీ. మనిషికి ఆరేళ్ళుగా షుగరు ఉందట! మేట్ అయిపోయాక తన గ్యాంగుని వదిలి ఎలా వెళ్ళడమని బిగబట్టుకుని పనిచేస్తున్నాడు. అడగాల్సినవాడు లేడు కాబట్టి అతనికి అసలు వెళ్ళే దారే లేదు.

మూడోసారికి అప్పయమ్మ, ఈ సుత్తి నాకాడే ఉంచీ బావా అంది. గ్యాంగంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఆవిడ సుత్తీ గునపం రెండూ పక్కనున్న కుర్రాడి చేతిలో పడేసి డేరాకి వెళ్ళింది. ఎవరూ తిరిగి చూడలేదు.

మే 20, మంగళవారం

ఎర్ర జగ్గు సగం. పన్నెండుకి.

మే 23, శుక్రవారం

రెండు జగ్గులూ ఖాళీ. ఇక్కడ గేటు లేదు. పట్టా వేడి కొలవలేదు, అవసరం అనిపించలేదు.

మే 26, సోమవారం

సార్‌కి ఫారం మళ్ళీ ఇచ్చాను. మొదటి గడి కొట్టేసి ఇలా రాశాను: లైను మీద పనిచేసే మనిషి పక్కకి వెళ్ళాలంటే పదిమంది ముందు ఒకరిని అడగాలి, అడగలేక నీళ్ళు తాగడం మానేస్తున్నారు.

టిక్ పెట్టిన గడిని మళ్ళీ ఎందుకు కొట్టేశారు అంటారనుకున్నాను. ఆయన చదివి, కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గర నిలబడ్డారు. మా అక్క ఇరవై ఏళ్ళు బస్సు కండక్టర్‌గా చేసింది అన్నారు. తర్వాత ఈ వాక్యం ఎవరిది అని అడిగారు. భానుప్రియ పేరు, అప్పయమ్మ పేరు, అప్పలకొండ పేరు, శ్వేత పేరు చెప్పాను. ఫారం కింద ‘ప్రాజెక్ట్ టీమ్’ అన్న చోట నాలుగూ రాయమన్నారు. శ్వేత రైల్వే ఉద్యోగి కాదు సార్ అన్నాను. అయినా రాయండి అన్నారు. నా పేరు ఐదోది.

జూన్ 4, బుధవారం

రిపోర్టు క్లీన్. లైన్ డ్యూటీకి ఫిట్. డాక్టర్ నీళ్ళు ఎంత తాగుతున్నావమ్మా అని అడిగితే, లెక్క తెలీదు సార్ అందట భానుప్రియ. మైత్రి హాస్పిటల్ మెట్ల మీద గెంతుతోంది. బయట బెంచీ మీద అప్పలకొండ కూర్చుని ఉన్నాడు, ఇవాళ అతనికి రెస్ట్ రోజు. ఎందుకొచ్చావంటే, లెక్క సూసుకోడానికి బాబూ అన్నాడు. దేవుడికి కాదు, ఈ మనుషులకి దండం పెట్టుకుని పడుకుంటాను.

జూన్ 6, శుక్రవారం

పదిన్నరకి భానుప్రియ నా దగ్గరికి వచ్చి తన గునపం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. సార్ అనలేదు. నా ముఖం కూడా చూడలేదు. బొగ్గు బండి ఒకటి పోయింది. అప్పలకొండ వేలు నా దగ్గర ఆగింది, నన్నూ గునపాన్నీ కలిపి రెండు అన్నాడు. ఆమె తిరిగొచ్చేదాకా కదలకుండా పట్టుకునే ఉన్నాను.